కొండముచ్చు వచ్చినప్పుడు

మా చెల్లి తిరిగి ఉద్యోగంలో చేరాల్సిన రోజు దగ్గరపడింది. చేతిలో నెలల పిల్లవాడు. వాణ్ణి పగలు ఎవరి దగ్గర వదలాలన్న మాట కువైట్‌లో, ఫింటాస్‌లోని వాళ్ళ ఫ్లాట్‌లో రోజూ నడుస్తోంది. పిన్ని తనంతట తానే ఫోన్ చేసింది. "ఆసుపత్రిలో నా సెలవులు చాలా మిగిలిపోయాయమ్మా. అన్నీ ఒకేసారి పెట్టేస్తాను. అవి అయ్యేదాకా నీ బాబుని నేను చూసుకుంటాను. ఆ తర్వాత ఎలాగూ ఉద్యోగం ఖలాస్, ఇండియాలో ఇంటికి వెళ్ళిపోవడమే" అంది. "చూద్దాం పిన్నీ" అని చెల్లి ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగి నవ్వింది.

"పిన్నికి అప్పజెప్పడమా! కొండముచ్చు వస్తే వీణ్ణి వదిలేసి పాలసీసా పట్టుకుని పరిగెడుతుంది."

అందరూ నవ్వారు. బావ నవ్వాడు. మనవణ్ణి చూడటానికి విజిట్ వీసా మీద వచ్చిన అమ్మా నాన్నా నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. మర్నాటి నుంచి చెల్లి క్రెష్‌లు వెతకడం మొదలుపెట్టింది.

ఆ కొండముచ్చు కథ మా బంధువుల్లోనూ, కువైట్‌లో మాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లోనూ వినని వాళ్ళు లేరు. అది తప్పు కథ. తప్పని తెలిసినవాళ్ళం ఇద్దరమే, పిన్నీ నేనూ. ఇన్నేళ్ళుగా నోరు మూసుకున్నాను. మూసుకోవడమేమిటి, దాన్ని అందరికన్నా బాగా చెప్పి నవ్వించింది నేనే. జరిగింది జరిగినట్టు ఇప్పుడు చెబుతాను.

అప్పుడు నేను ఆరో తరగతో ఏడో తరగతో. ఇరాక్‌తో యుద్ధం ముగిసి, ఇండియా వెళ్ళిపోయిన కుటుంబాలు ఒక్కొక్కటిగా తిరిగొస్తున్న రోజులు. ఫింటాస్‌లో సముద్రానికి రెండు వీధుల అవతల మా ఫ్లాట్. వేసవిలో తలుపు తీస్తే ఉప్పు వాసన, నాన్న డ్యూటీ నుంచి వస్తే ముడిచమురు వాసన, పిన్ని వస్తే డెట్టాల్ వాసన. నాన్న చమురు కంపెనీలో ఇంజనీరు. అమ్మ బడిలో టీచరు. అమ్మకి సొంత చెల్లెలైన పిన్ని జహ్రా వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. ఇంకా పెళ్ళి కాలేదు, మాతోనే ఉండేది. నైట్ డ్యూటీ వారాల్లో పొద్దున్నే ఆసుపత్రి బస్సు దిగి, స్నానం చేసి, అమ్మ బడికి వెళ్ళగానే చెల్లిని పక్కలో వేసుకునేది. చెల్లికి మూడేళ్ళు. పిన్ని నిద్రపోతుంటే ఆమె పొట్ట మీద కూర్చుని బొమ్మలతో ఆడుకునేది. పిన్ని కలిపిన ముద్ద తప్ప ఇంకొకరి ముద్ద తినేది కాదు.

చలికాలంలో జహ్రా దారిలో బస్సు కిటికీ నుంచి, ఆటుకి సముద్రం వెనక్కి తగ్గిన బురద మీద గులాబీ రంగు పక్షులు పిన్నికి కనిపించేవి. ఫ్లెమింగోలు. ఒక శుక్రవారం, అక్కడ సెలవు ఆ రోజే, చర్చి అయ్యాక నాన్నని ఒప్పించి మా అందరినీ తీసుకెళ్ళి చూపించింది. చాలా దూరంలో ఒక గులాబీ గీత కదులుతోంది, అంతే. అవి ఆఫ్రికాలోని సరస్సుల నుంచి వస్తాయని చర్చిలో ఒక అంకుల్ చెప్పాడు. పిన్ని అది పట్టుకుంది.

"బావగారూ, అవి ఎక్కడి నుంచి వస్తాయో అక్కడికే వెళ్దామండి."

"ఆఫ్రికా అంటే నరసాపురం అనుకున్నావా అమ్మాయ్, రేవు దాటితే వచ్చేయడానికి?"

"నా టికెట్టు నేనే కొనుక్కుంటాను. మీరు రాకపోతే అక్కా నేనూ వెళ్తాం."

"మీ అక్కని సింహం తింటే నాకు వంటెవరు చేస్తారు?"

నెలల తరబడి ఈ వాదన సాగింది. పిన్ని వదల్లేదు. ట్రావెల్ ఆఫీసుల చుట్టూ తిరిగి బొమ్మల కాగితాలు తెచ్చింది. కెన్యాలో, రిఫ్ట్ లోయలో, చుట్టూ కొండలున్న ఒక ఉప్పు సరస్సు. దాని చుట్టూ నేషనల్ పార్కు. ఒక బొమ్మలో ఒడ్డంతా పక్షులే. "ఆ ఒడ్డున నడవాలక్కా. అంతే నాకు కావాల్సింది" అనేది. చివరికి ఈద్ సెలవులకి నాన్న సరేనన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో భోజనానికి ముందు నాన్న ప్రార్థన చేసేవాడు. చిన్న ప్రార్థన కాదు. దేశ నాయకుల నుంచి గోదావరి గట్టున ఉన్న మేనత్తల దాకా అందరూ అందులోకి వచ్చేవారు. కూర చల్లారిపోయేది. కళ్ళు మూసుకోమనేది నాన్న కట్టడి. నేను ఒక కన్ను సన్నగా తెరిచి అన్నీ చూస్తుండేవాణ్ణి. ఒకరోజు ఆమెన్ ఇంకా చాలా దూరం ఉందనుకుని అప్పడం ముక్క నోట్లో వేసుకున్నాను. అది కరకరమంది. నాన్న ప్రార్థన ఆపకుండానే నా చెవి పట్టుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు:

"ఇంకోసారి ప్రార్థనలో కళ్ళు తెరిచావంటే ఖడ్గమృగం లేదు, ఏమీ లేదు. నిన్ను ఆ హోటల్ గదిలోనే పెట్టి తాళం వేస్తా."

ఖడ్గమృగాన్ని చూడాలని నాకు పిచ్చి. అందుకే ఆ బెదిరింపు బలంగా నాటుకుంది.

నైరోబీలో నాన్న పాత స్నేహితుడి ఇంట్లో దిగాం. తెల్లవారుతుండగా అమ్మ వాళ్ళ వంటింట్లో దూరి పులిహోర కలిపింది, కోడి వేపుడు చేసింది, గుడ్లు ఉడకబెట్టింది. హోటల్ తిండి మీద అమ్మకి నమ్మకం లేదు. వేపుడంతా స్టీలు క్యారేజీలో సర్దింది. పైకప్పు పైకి లేచే వ్యానులో బయలుదేరాం. కొంతసేపటికి రోడ్డు ఒక్కసారిగా లోయ అంచుకి వచ్చింది. అంత పెద్ద పల్లం అంతకుముందు నేను చూడలేదు. కువైట్‌లో పుట్టి పెరిగిన నాకు నేలంటే చదునుగా ఉంటుందనే తెలుసు. ఇక్కడ నేల విరిగి కింద పడిపోయి, దాని అడుగున మళ్ళీ ఇంకో దేశం ఉన్నట్టుంది. గాలి చల్లగా, తడి గడ్డి వాసనతో వస్తోంది. అమ్మ చెల్లికి స్వెట్టర్ వేసింది. కువైట్‌లో ఎండలు మండే ఈద్ రోజుల్లో స్వెట్టరేమిటని నాన్న నవ్వాడు.

పార్కు గేటు దాటగానే పచ్చని బెరడున్న తుమ్మచెట్లు. కాండం నుంచి కొమ్మ దాకా పసుపు పులిమినట్టున్నాయి. వాటి నీడలో నీటిజింకలు మనుషుల్ని పట్టించుకోకుండా నిలబడి ఉన్నాయి. అడవిదున్నల గుంపు ఒకటి దారికి అడ్డంగా వచ్చి ఆగింది. కొమ్ములు తల మీద పాపిడి తీసి దువ్విన జుట్టులా ఉన్నాయి. వాటి వీపుల మీద చిన్న పిట్టలు నడుస్తూ పురుగులు ఏరుకుంటున్నాయి. డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. ఒక దున్న మా వైపు చూసి ముక్కుతో బుస్సుమంది.

"ఇది మన బ్యాంకు మేనేజరులా చూస్తోందేంటి?" అన్నాడు నాన్న. పిన్ని నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది.

డ్రైవరు నెమ్మదైన మనిషి. ఇంగ్లీషులో ఒక్కొక్క మాటే ఏరి చెప్పేవాడు. కొండ మీది భోజనాల చోటుకి ఎక్కేముందు వ్యాను ఆపి వెనక్కి తిరిగాడు. అక్కడ బబూన్‌లనే పెద్ద కోతులు ఎక్కువ, తిండి బయట పెట్టవద్దు, వ్యానులోనే తినండి అన్నాడు. బబూన్ వస్తే పరిగెత్తకూడదు, తిండిని దాచుకోకూడదు. "దానికి మీతో పని లేదు. తిండి ఎటు పోతే అదీ అటే పోతుంది." నాన్న వీడియో కెమెరాలో క్యాసెట్ మారుస్తున్నాడు. అమ్మ చెల్లి ముక్కు తుడుస్తోంది. విన్నది పిన్నీ నేనూ.

కొండ మీద నుంచి సరస్సు మొత్తం కనిపించింది. మధ్యలో నీళ్ళు పలచని ఆకుపచ్చ. అంచులో తెల్లటి ఉప్పు పెచ్చు. ఆ రెంటికీ మధ్య, కనుచూపు మేర, గులాబీ రంగు పట్టీ. జహ్రా దగ్గర చూసిన గీత కాదు ఇది. ఒకచోట పట్టీ చీలి గాల్లోకి లేచింది, లేచినవాటి రెక్కల కింద ఎరుపు కనిపించింది, మళ్ళీ అవతల దిగి అతుక్కుపోయింది. అంత ఎత్తుకీ వాటి గోల వినిపిస్తోంది, సంతలో జనం మాట్లాడుకుంటున్నట్టు. కింద నుంచి సోడా వాసన, కుళ్ళిన గుడ్డు వాసన కలిసి వచ్చాయి. "కంపు" అంది చెల్లి ముక్కు మూసుకుని.

పిన్ని రాతి అంచు దాకా వెళ్ళి నిలబడింది. తర్వాత డ్రైవరుని అడిగింది, కువైట్‌కి వచ్చేవి ఇవేనా అని. ఇవి ఇక్కడివే, చిన్న రకం, దగ్గరికెళ్ళాక ముక్కు చూడండి ఎంత నల్లగా ఉంటుందో, మీ దగ్గరికి వచ్చేవి వేరే అయ్యుంటాయి అన్నాడతను. "పోన్లే, చుట్టాలేగా" అంది పిన్ని. రేపు పొద్దున్నే ఒడ్డుకి తీసుకెళ్తానని అతను మాటిచ్చి, తోటి డ్రైవర్లతో కబుర్లకి అవతలికి వెళ్ళాడు.

వ్యానులో తినడం నాన్నకి నచ్చలేదు. "ఇంత దూరం వచ్చి డబ్బాలో కూర్చుని తింటామా? దుప్పటి పరవండి" అన్నాడు. చెట్టు కింద దుప్పటి పరిచాం. అమ్మ గుడ్డు ఒలిచి చెల్లి చేతికిచ్చింది. క్యారేజీ మధ్యలో పెట్టింది. నాన్న కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఆకాశాన్ని, కొండల్ని, పక్షుల్ని చేసినవాడికి స్తోత్రం చెబుతున్నాడు. వేపుడు వాసనకి నా కన్ను దానంతటదే తెరుచుకుంది.

బండరాయి వెనక నుంచి అది వచ్చింది. నాన్న దాన్ని కొండముచ్చు అనేవాడు గానీ, కుక్క మూతి, మెడ చుట్టూ జూలు, మా చెల్లికి రెండింతలు. తొందర లేకుండా, తన ఇంట్లోకి తాను వచ్చినట్టు వచ్చింది. దాని చూపు చెల్లి చేతిలోని గుడ్డు మీద ఉంది. దాని వెనక రాళ్ళ మీద ఇంకా కొన్ని కూర్చుని ఉన్నాయి. పక్కకి చూస్తే పిన్ని కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. ఒక్క చేత్తో చెల్లి చేతిలో గుడ్డు లాక్కుంది. రెండో చేత్తో క్యారేజీ ఎత్తింది. దానికి కనిపించేలా గుడ్డు పైకెత్తి పట్టుకుని, వ్యానుకి వ్యతిరేక దిక్కులో, కొండ అంచు వైపు నడిచింది. పరిగెత్తలేదు. గబగబా నడిచింది. ఆ జంతువు చెల్లిని వదిలేసి ఆమె వెంట వెళ్ళింది.

చెల్లి గుడ్డు కోసం గుక్కపట్టి ఏడ్చింది. నాన్న, అమ్మ కళ్ళు తెరిచారు. వాళ్ళకి కనిపించింది ఏమిటి? దుప్పటి మీద ఏడుస్తున్న పిల్ల. వేపుడు క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోతున్న పిన్ని వీపు. ఆమె వెనక కొండముచ్చు. అంచు దగ్గర పిన్ని క్యారేజీని వాలులోకి విసిరేలోగా అది అందుకుని లాగింది. ఆమె మణికట్టు మీద గోళ్ళు దిగాయి. గిన్నెలు దొర్లుకుంటూ పోయాయి. గుంపంతా అటు దూకింది. డ్రైవరు కర్ర పట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది.

అమ్మ చెల్లిని గుండెకి హత్తుకుంది. "క్యారేజీ ఎత్తుకున్నదానివి పిల్లనెత్తుకోలేకపోయావటే?"

"అక్కా, దాని చూపు పాప మీదుంది. పాపనెత్తుకుంటే మా ఇద్దరి మీదకీ వచ్చేది. తిండి ఇక్కడే పారేస్తే గుంపంతా దుప్పటి మీదకే..."

"ఆహా! మరి వ్యాను అటుంటే నువ్వు ఇటు పరిగెత్తావేంటమ్మా?" అన్నాడు నాన్న. భయం తగ్గి ఆయనకి నవ్వొస్తోంది. "చంటిదాని చేతిలో గుడ్డు కూడా వదల్లేదు. మరదలికి పిల్లకన్నా వేపుడే ముద్దొచ్చింది!"

"బావగారూ, వీడు చూశాడు. వీణ్ణి అడగండి."

నాన్న నా వైపు తిరిగాడు. "ఏరా, ప్రార్థనలో కళ్ళు తెరిచావా?"

పొద్దున్నే ఖడ్గమృగాలు. హోటల్ గది. తాళం. "లేదు నాన్నా, మూసుకునే ఉన్నాను" అన్నాను.

పిన్ని నన్ను చూసింది. నిజం చెప్పమని ఇంకొక్క మాట అంటే నేను చెప్పేసేవాణ్ణే. ఆమె అనలేదు. రుమాలు తీసి మణికట్టుకి చుట్టుకుంటూ "సరేలెండి" అంది.

జంతువు గీరితే సూది తప్పదని ఆమెకి తెలుసు. మర్నాడు చీకటి విడవకముందే హోటల్ వాళ్ళ బండిలో ఊళ్ళోని ఆసుపత్రికి వెళ్ళి వరసలో కూర్చుంది. మేం సరస్సు ఒడ్డుకి వెళ్ళాం. ఉప్పు పెచ్చు కాళ్ళ కింద అప్పడంలా విరిగింది. పక్షులు తలలు తలకిందులుగా నీళ్ళలో పెట్టి, ముక్కుతో ఏదో వడబోసుకుంటూ, అన్నీ ఒకేవైపు నడుస్తున్నాయి. వాటి మధ్య గూడబాతులు పడవల్లా తేలుతున్నాయి. కాస్త ఎడంగా, చొక్కా గుండీలు ఊడిన ముసలాళ్ళలా బెగ్గురు కొంగలు, చచ్చిన పక్షి కోసం కాచుకుని ఉన్నాయి. వెనక్కి వస్తుంటే గడ్డిలో బూడిద రంగు గుట్ట ఒకటి లేచి నిలబడింది. తల్లి ఖడ్గమృగం. పక్కన పిల్ల. తల్లి మా వ్యాను వాసన పట్టి చెవులు తిప్పింది, పిల్లకీ మాకూ మధ్యకి వచ్చి నిలబడింది. నాన్న కెమెరా తిరుగుతూనే ఉంది. నాకు కావాల్సింది నేను చూశాను. ఆ ప్రయాణం మొదలుపెట్టిన మనిషి ఆ ఒడ్డు మీద కాలు పెట్టలేదు.

కువైట్‌కి తిరిగి వచ్చాక అమ్మ చెల్లిని కింది అంతస్తులోని మలయాళీ ఆంటీ దగ్గర ఉంచడం మొదలుపెట్టింది. పిన్నిని ఏమీ అనలేదు, మాన్పించేసింది. ఆసుపత్రి బస్సు హారన్ వినిపిస్తే చెల్లి ఆంటీ వాళ్ళ తలుపు దగ్గర నిలబడి ఏడ్చేది. కొన్నాళ్ళకి పిన్ని ఆసుపత్రి హాస్టల్‌కి మారిపోయింది. చెల్లి మెల్లగా ఏడుపు మానేసింది, పిన్ని ముద్ద కూడా మరిచిపోయింది. ఆ తర్వాత పిన్నికి పెళ్ళయింది. భర్త తొందరగా పోతే మళ్ళీ హాస్టల్‌కే వచ్చింది. పిల్లలు లేరు.

కథ మాత్రం పెరిగింది. ముందు నాన్న చెప్పేవాడు. కాలేజీకి వచ్చేసరికి ఆ పని నేను తీసుకున్నాను. కొండముచ్చు నడకా, క్యారేజీ పట్టుకున్న పిన్ని పరుగూ నటించి చూపించేవాణ్ణి. నా పెళ్ళి విందులో స్నేహితులు అడిగితే మైకు పట్టుకుని చెప్పాను. పిన్ని ముందు వరసలోనే కూర్చుంది. అందరితో పాటు నవ్వింది.

క్రెష్‌కి డబ్బు కట్టాల్సిన రోజుకి ముందురోజు శుక్రవారం. చర్చి నుంచి చెల్లి వాళ్ళింటికి చేరాం. నాన్న అల్లుడికి మళ్ళీ అదే కథ ఎత్తుకున్నాడు. క్యారేజీ దగ్గరికి రాగానే ఆపాను.

"అలా జరగలేదు నాన్నా. పిన్ని కావాలనే దాన్ని తన వెంట తీసుకుపోయింది. చెల్లి మీదకి వస్తోంది అది."

"నీకెలా తెలుసురా? కళ్ళు మూసుకున్నావుగా."

"తెరిచే ఉన్నాను."

నాన్న ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. మొత్తం చెప్పాను. డ్రైవరు చెప్పిన మాట, గుడ్డు ఎత్తి చూపించడం, నడవడం. వ్యాను అటుంటే ఇటు ఎందుకు వెళ్ళిందో ఒక్కసారి ఆలోచించండి అన్నాను. అమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "మీ పిన్ని నాకు చెప్పింది. అప్పుడే చెప్పింది. నేనే వినలేదు" అంది. నాన్న గొంతు పెంచాడు. "ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు తవ్వుతున్నావ్?"

"బాబుని రేపు ఎవరికిస్తారో తేల్చుకునేది ఇప్పుడు గనక."

చెల్లి పిల్లవాణ్ణి ఎత్తుకుని, బావ చేతి నుంచి కారు తాళాలు తీసుకుని, "పద" అంది నాతో. పిన్ని హాస్టల్‌కి వెళ్ళాం. చెల్లి పైకి వెళ్ళి చాలాసేపు రాలేదు. పిన్నే కిందకి వచ్చింది, బాబుని భుజాన వేసుకుని. చెల్లి కళ్ళు తుడుచుకుంటూ వెనకే వచ్చి కార్లో కూర్చుంది. నేను దిగి నిలబడ్డాను. క్షమించమన్నాను.

"అప్పుడు నీకెన్నేళ్ళురా? పసివాడివి. తాళం వేస్తారని భయపడ్డావు. దానికి నాకెప్పుడూ కోపం లేదు." బాబు వీపు నిమురుతోంది. "ముప్ఫై ఏళ్ళవాడివై, మైకు పట్టుకుని, నన్ను ముందు కూర్చోబెట్టి చెప్పావు చూడు. అప్పుడు నిన్నెవరు బెదిరించారు?"

ఆ సరస్సుకి మళ్ళీ తీసుకెళ్తాను పిన్నీ, అందరికీ టికెట్లు నేను కొంటాను అన్నాను.

"ఆ ఒడ్డు మీద నడుద్దామనుకున్నది పాతికేళ్ళ పిల్ల. ఆ పిల్లకి కొను టికెట్టు" అంది. తర్వాత చెల్లి వైపు వంగి, "వీడికి ఆకలేస్తోందే. పాలు తెచ్చావా?" అని అడిగింది.

మరుసటి వారం పిన్ని సెలవు పెట్టి ఫింటాస్ వచ్చింది. నేను వెళ్తే "రా, కూర్చో" అంటుంది. టీ ఇస్తుంది. అంతకు మించి ఇంకా లేదు, నేను అడగలేదు. నాన్న ఆ కథ చెప్పడం మానేశాడు. కానీ అది మా ఇంటి నుంచి ఎప్పుడో బయటపడిపోయింది, ఎక్కడెక్కడో తిరుగుతోంది. ఎక్కడ వినిపించినా ఆపి సరిచేస్తున్నాను. ఆపుతూనే ఉంటాను. మొన్న జహ్రాలో ఒక స్నేహితుడి ఇంట్లో, నాకు ముఖపరిచయం కూడా లేని ఒకాయన అదే కథ తన బంధువుల ఇంట్లో జరిగినట్టు మొదలుపెట్టాడు. ఆయన్ని ఆగమని, మొదటి నుంచి చివరిదాకా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అలా చెబితే అందులో నవ్వడానికేమీ లేదు.

ఒకావిడ అడిగింది, ఆమె ఇప్పుడెక్కడున్నారని.

"ఫింటాస్‌లో" అన్నాను. "ఈ వేళకి మా చెల్లి కొడుక్కి గుజ్జన్నం పెడుతూ ఉంటుంది."